వాయిదాల మీద స్థలం కొంటున్నారా? ఒక్క వాయిదా ఆగకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వాయిదాల మీద స్థలం కొన్నప్పుడు మొదట్లో అంతా సాఫీగానే సాగుతుంది. గొడవ మధ్యలో వస్తుంది. ఉద్యోగం పోతుంది, లోన్ చేతికి రాదు, లేదంటే ఈలోగా రేటు పెరిగి అమ్మినాయన మనసే మారిపోతుంది. అప్పుడు ఇద్దరూ అగ్రిమెంటు బయటికి తీసి మొదటిసారి పూర్తిగా చదువుతారు. ఆ చదివేదేదో సంతకానికి ముందే చదవండి, దయచేసి.

సేల్ అగ్రిమెంటు చేతిలో ఉన్నంత మాత్రాన స్థలం మీదైపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ఈ మాట సూటిగానే చెప్పింది. సేల్ డీడ్ రిజిస్టరయ్యాకే యాజమాన్యం మారుతుంది. చివరి వాయిదా ఒక్కటే మిగిలినా ఇదే లెక్క.

అగ్రిమెంటులో ప్రతి వాయిదాకూ తేదీ, మొత్తం ఉండాలి. ఆలస్యమైతే ఎన్ని రోజుల గడువు, ఎంత వడ్డీ అనేది కూడా రాయించుకోండి. చాలామంది వదిలేసేది అమ్మేవాళ్లు చేయాల్సిన పనులు: సర్వే చేయించడం, బ్యాంకు తాకట్టు విడిపించడం, లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు) చూపించడం. ఏ పని అయ్యాక ఏ వాయిదా కట్టాలో వరుస రాసి ఉంటే, రేపు 'నువ్వు కట్టలేదు', 'నువ్వు తాకట్టు విడిపించలేదు' అనే వాదన వచ్చినప్పుడు తప్పెవరిదో కాగితమే చెబుతుంది.

'ఒక్క వాయిదా తప్పినా కట్టిందంతా జప్తు' అనే షరతు కనిపిస్తే మార్పించండి. అది ఉన్నా కోర్టు ఉన్నదున్నట్టు అమలు చేయాలని లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద వచ్చేది సమంజసమైన పరిహారమే. అయితే కొనేవాళ్ల తప్పు వల్ల బేరం చెడితే బయానా పోవచ్చు. ధరలో భాగంగా కట్టిన వాయిదాల సంగతి వేరు. అందుకే ఎంత బయానా, ఎంత ధరలో భాగం అన్నది విడివిడిగా రాయించుకోవాలి.

డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. స్థలం అడ్వాన్సుగా 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకోదు. రసీదులో ఎన్నో వాయిదానో, ఏ అగ్రిమెంటు కిందనో ఉండాలి.

ఇక అసలు విషయం. రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకెళితే, మొదటి నుంచీ మీ వంతు నెరవేర్చడానికి సిద్ధంగా, ఇష్టంగా ఉన్నారని మీరే రుజువు చేసుకోవాలి. నిర్దిష్ట ఉపశమన చట్టం 16వ సెక్షన్ అడిగేది ఇదే. 2018 సవరణ కొనేవాళ్లకు చాలా మేలు చేసింది గానీ, ఈ భారం మాత్రం తీసేయలేదు. కేసులు పోయేది ఎక్కువగా ఇక్కడేనని నా అభిప్రాయం. 'డబ్బు రెడీగానే ఉంది' అని నోటితో అంటే చాలదు. ఆ తేదీల్లో ఖాతాలో సొమ్ము ఉందా, లోన్ మంజూరైందా, 'రిజిస్ట్రేషన్‌కు రండి' అని రాతపూర్వకంగా పిలిచారా అని చూస్తారు. అమ్మినాయన వాయిదా తీసుకోనంటే 'సరే, ఆయనే అడుగుతాడులే' అని కూర్చోకండి. డబ్బు పంపండి. తిప్పి పంపితే ఆ ఆధారం దాచి, వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి.

నిజంగానే కట్టలేని పరిస్థితి వస్తే మొహం చాటేయొద్దు. గడువు అడిగి, ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకోండి. స్థిరాస్తి అమ్మకాల్లో గడువు తేదీయే ప్రాణం అని ముందే అనుకోనక్కర్లేదని 1992లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. దాన్ని చూసుకుని ధీమాగా ఉండటం మాత్రం ప్రమాదం. షరతులను బట్టి, పరిస్థితులను బట్టి గడువుకు విలువ ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది.

దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ రోజు నుంచి, లేకపోతే అవతలివాళ్లు కాదన్నారని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. పెద్దమనుషుల మధ్య పంచాయితీ నడుస్తోందని ఆ గడువు ఆగదు. ఈలోగా 'అగ్రిమెంటు రద్దు చేశాం' అని నోటీసు వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ రద్దు చెల్లదని ప్రకటించమని అడగకుండా రిజిస్ట్రేషన్ ఒక్కటే కోరితే దావా నిలవదని 2013లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. ఆ నోటీసు కాగితం అదే రోజు లాయరుకు చూపించండి.

అగ్రిమెంటు రిజిస్టర్ చేయిస్తే ఈసీలో, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో, కనిపిస్తుంది. అమ్మినాయన అదే స్థలం మరొకరికి అమ్మితే, 'మాకు ఈ ఒప్పందం సంగతి తెలియదు' అని ఆ మూడో మనిషి తప్పించుకోవడం కష్టమవుతుంది. ముందే స్వాధీనం తీసుకుంటుంటే రిజిస్ట్రేషన్ మరీ ముఖ్యం. 2001 సవరణ తర్వాత, రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్ కింద ఆ స్వాధీనాన్ని కాపాడుకోలేరు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే లేఅవుట్ అయితే, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకునే అధికారం ప్రమోటరుకు, అంటే లేఅవుట్ వేసి అమ్మేవాళ్లకు, లేదు.

అమ్మేవాళ్లకూ ఒక మాట. ఆలస్యంగా వచ్చిన వాయిదాలను మాట్లాడకుండా తీసుకుంటూ పోయి, ఒకరోజు హఠాత్తుగా రద్దంటే కోర్టులో ఇబ్బంది పడతారు. తీసుకునేటప్పుడే 'నా హక్కులు వదులుకోవడం లేదు' అని రాసివ్వండి. రద్దుకు ముందు తగినంత గడువుతో నోటీసు పంపండి.

దావా వేసే రోజున, రిజిస్ట్రేషన్‌తో పాటు 'అది కుదరకపోతే కట్టిన సొమ్ము వడ్డీతో ఇప్పించండి' అన్న కోరిక కూడా అందులో ఉందో లేదో చూసుకోండి. అడగకపోతే కోర్టు దానంతట అది ఇవ్వదు. మర్చిపోయి ఉంటే, కేసు నడుస్తుండగానే సవరణ కోరి చేర్చుకోవచ్చు.