సర్ఫ్ రాడ్ (బీచ్ మీద నుంచి సముద్రంలోకి గాలం విసిరే కర్ర) ఎన్ని అడుగులుండాలి? ఎర దూరం పోనప్పుడు ముందు ఏం చూస్కోవాలి

హైదరాబాద్‌ల ఉండి సముద్రంలో గాలం వేద్దామనుకునే మనోళ్లందరికీ ఒకటే రోగం. ఇక్కడ చెరువు గట్టు మీద 7 అడుగుల రాడ్‌తో బొచ్చె, రవ్వ పట్టిన చెయ్యి, సూర్యలంక బీచ్‌కి పోయి ఆ రాడ్‌తోనే విసిరితే ఎర అలల్లో పడి తిరిగి మన కాళ్ల దగ్గరికే వస్తది, ఇంక అక్కడ్నే ఇసుకలో కూసొని ఫోన్ తీసి 14 అడుగుల రాడ్ ఆర్డర్ పెట్టేస్తరు. నేను కూడా సేమ్ అదే చేసిన. ఆ 14 అడుగులది ఇప్పుడు మా బాల్కనీలో బట్టలారేస్కోనికి పనికొస్తుంది, అమ్ముదామంటే కొనేటోడు దొరకట్లే.

అందుకే కొనేముందు మీ ప్రాబ్లం నిజంగా పొడుగుదేనా, ఇంకేదన్నానా అని కింద చూస్కోండి. సగం సార్లు పొడుగుది కాదు.

ఒక చిన్న సంగతి ముందే చెప్తా. ఆన్‌లైన్లో చాలా రాడ్లకి అడుగులు రాయరు, మీటర్లు రాస్తరు. 2.7 అంటే దాదాపు 9 అడుగులు, 3 అంటే 10, 3.3 అంటే 11, 3.6 అంటే 12, 4.2 అంటే 14. పొడుగు పక్కనే ఇంకో నంబర్ ఉంటది, 80-150 గ్రాములు, 100-200 గ్రాములు అట్ల, అది ఆ రాడ్ విసరగలిగే బరువు. మనోళ్లు దాన్ని అసలు చూడరు, కానీ నన్నడిగితే పొడుగు కన్నా అదే ముఖ్యం.

సమస్య: ఎర మొదటి అల కూడా దాటట్లేదు

కారణం రాడ్ పొట్టిగుండటం కావచ్చు, 7 అడుగులదైతే డౌటే లేదు. కానీ 9, 10 అడుగులది పట్టుకొని కూడా ఇదే బాధ పడుతుంటే ముందు సీసం, అంటే ఎర దూరం పోనికి దారానికి కట్టే బరువు, ఎంతుందో చూడండి. 80-150 అని రాసున్న రాడ్‌కి 40 గ్రాముల సీసం కడితే అది వంగనే వంగదు, రాడ్ విల్లు లెక్క, వంగితేనే తిరిగి కొడతది. రాడ్ మీద రాసిన పెద్ద నంబర్లో ముప్పావు వంతు దగ్గర పెట్టుకుంటే బాగా పని చేస్తది, అంటే 150 రాసుంటే 110 అటూ ఇటూ. ఆ లెక్కలోకి ఎర కూడా వస్తది, మంచి చేప ముక్క పెడితే అదే 30 గ్రాములుంటది, అది మర్చిపోయి 150 సీసం కట్టి పైన ముక్క పెట్టి బలంగా విసిరి రాడ్ విరగ్గొట్టుకున్నోళ్లు ఉన్నరు.

రెండోది లైన్ మందం. చెరువులో వాడే లావు దారం రీల్ నిండా చుట్టుకొని వస్తరు, లావు దారం గాల్లో బ్రేక్ వేసినట్టే. నైలాన్ అయితే 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్లు చాలు. రీల్‌లో దారం చుట్టుకునే స్పూల్ నిండా ఉండాలి, అంచుకి ఒకట్రెండు మిల్లీమీటర్లు తక్కువ, సగం ఖాళీగా ఉంటే దారం అంచుకి రాసుకుంటా పోయి స్పీడ్ చచ్చిపోతది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే ఇంకో ప్రశ్న, అసలు అంత దూరం ఎందుకు వెయ్యాలి? సూర్యలంకలో ఓసారి పొద్దున ఆరింటికి నేను చొక్కా తడిసేదాకా విసురుతున్న, నా పక్కన ఇరవై అడుగుల్లో ఒక పెద్దాయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, వాటర్ బాటిల్‌కి చుట్టుకున్న దారంతో, రాడ్ లేదు ఏం లేదు, చేత్తో గిరగిర తిప్పి వదుల్తున్నడు. మహా అయితే ఇరవై మీటర్లు పోతుంది. ఎనిమిదింటికల్లా ఆయన సంచిలో ఐదు జెల్లలు, నా దగ్గర సున్నా. పోయి అడిగితే నవ్వి, "అల ఇరగని చోట ఎయ్యి బాబూ, తెల్లగా నురగుంటే లోతు లేనట్టు, నల్లగా ఉన్నకాడ లోతుంటది, చేపలు ఆడ తిరుగుతయ్" అన్నడు. నేనేమో ఆ నల్ల పట్టీ దాటి అవతలున్న నురగలో వేస్తున్న ఇంతసేపు. ఒడ్డుకి సమాంతరంగా ఇసుకలో కాలువలాగా పడ్డ ఆ లోతులోనే చేపలు మేతకి తిరుగుతయ్, అది చాలాసార్లు మన దగ్గర్లోనే ఉంటది.

బీచ్‌ని బట్టి కూడా మారతది. సూర్యలంక, మంగినపూడి లాంటివి మెల్లగా లోతయ్యే బీచ్‌లు, అల్లంత దూరం నుంచే అలలు విరుగుతా వస్తయ్, అక్కడ 11, 12 అడుగుల రాడ్‌కి అర్థం ఉంది. వైజాగ్ వైపు ఒడ్డు దగ్గరే గబుక్కున లోతొస్తది, అక్కడ 10 అడుగులతో సుఖంగా పనైపోతది.

సమస్య: పొడుగు రాడ్ కొన్నా పాత పొట్టి రాడ్ కన్నా తక్కువ దూరం పోతుంది

ఇదీ నా కథ. ఔటర్ రింగ్ రోడ్ అవతల ఖాళీ గ్రౌండ్‌లో గాలం తీసేసి ఒట్టి సీసంతో టెస్ట్ చేసిన. 14 అడుగులది 120 గ్రాములతో 70 అడుగులేస్తే దొరికింది, మా ఫ్రెండ్ 10.5 అడుగుల రాడ్ 90 గ్రాములతో 96 అడుగులేస్తే దొరికింది. నేనే నమ్మలే, నాలుగుసార్లు విసిరి చూసిన, ప్రతిసారీ అదే ఉల్టా ఫలితం.

కారణాలు రెండు. రాడ్ పొడుగైతే కొస స్పీడ్‌గా తిరుగుతది, నిజమే, కానీ తిప్పే చేతులు అవే కదా, 14 అడుగుల కర్రని అదే స్పీడ్‌తో తిప్పే బలం నాకు లేదు, రాడ్ మీద 120-250 అని రాసుంది, నేను కట్టిన 120కి అది కదల్లేదు కూడా. రెండోది ఇంకా పెద్దది, ఎవ్వరూ చెప్పరు. రాడ్ కింది చివర నుంచి రీల్ బిగించే చోటు దాకా ఉండే పొడవు. నా రాడ్‌లో అది 82 సెంటీమీటర్లు, నా చెయ్యికి 63 సరిపోతది. కింది చెయ్యి దగ్గరికి లాగాలి, పై చెయ్యి ముందుకి నెట్టాలి, విసరడం అంటే అదే, రెండు చేతులు అంత దూరం చాపితే లాగనికి నెట్టనికి చోటేది?

చూసుకునే పద్ధతి ఈజీ. రాడ్ కింది చివర చంకలో పెట్టుకొని చెయ్యి రాడ్ వెంబడి ముందుకి చాపండి, రీల్ సీటు (రీల్ బిగించే చోటు) చేతిలోకి సరిగ్గా రావాలి. మోచెయ్యి మొత్తం సాగదీసినా అందకపోతే ఆ రాడ్ మీది కాదు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఇంట్లో టైలర్ టేపుతో చంక నుంచి పిడికిలి దాకా కొల్చుకొని, కింది చివర నుంచి రీల్ సీటు దాకా ఎంతని అమ్మేవాణ్ణి మెసేజ్ పెట్టి అడగండి. చెప్పకపోతే కొనకండి.

ఇప్పటికే కొనేసినోళ్లకి: సీసం ఇంకో 30 గ్రాములు పెంచి చూడండి, రాడ్ కొస నుంచి సీసం మూడు నాలుగు అడుగులు వేలాడనివ్వండి, కొసకి అంటించి విసరొద్దు. పై చేత్తో దబ్బున నెట్టడం కాదు, మెల్లగా మొదలుపెట్టి చివర్లో కింది చేతిని పొట్టలోకి లాగాలి. అప్పటికీ కాకపోతే ఇంక ఒప్పేసుకొని మార్చేయండి. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి, ఎర వేసి పట్టనికి, 10.5 నుంచి 12 మధ్యలో 100-150 గ్రాములది చాలు. 13 పైన మాత్రం ముందు ఒకరి దగ్గర అడుక్కొని విసిరి చూశాకే.

గ్రౌండ్‌లో ప్రాక్టీస్ అంటే ఒక మాట, పైన కరెంటు తీగలు చూస్కోండి. కార్బన్ రాడ్‌లో కరెంటు పాస్ అవుతది, ఉరుములొస్తున్నప్పుడు కూడా రాడ్ పట్టుకొని నిలబడొద్దు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఊపుదాం అనే ఐడియా అసలే వద్దు.

సమస్య: దూరం పోతుంది గానీ సీసం నిలబడదు, లైన్ పక్కకి కొట్టుకుపోతుంది

ఇక్కడ మాత్రం పొడుగు నిజంగా పని చేస్తది. దగ్గర్లో విరిగే అలలు దారాన్ని కొడుతుంటే సీసం ఈడ్చుకుపోతది, రాడ్ కొస ఎంత ఎత్తులో ఉంటే అంత దారం అలల మీదుగా పోతది. కానీ రాడ్ మార్చే ముందు చవక మందు ఒకటుంది, స్టాండ్ మార్చండి. ఇసుకలో గుచ్చే పైపు రెండడుగులది వాడుతున్నరా, నాలుగడుగుల పీవీసీ పైపు ఏటవాలుగా కోసి అడుగున్నర దాకా లోపలికి గుచ్చి పెట్టండి, కొస ఇంకొంచెం పైకి లేస్తది, పైపు హార్డ్‌వేర్ షాపులో తక్కువకే వస్తది. గుండ్రటి సీసం బదులు పిరమిడ్ షేప్‌ది, లేకపోతే ఇనుప కాళ్లున్నది వాడండి, ఇసుకని పట్టుకుంటది.

సమస్య: విసిరేటప్పుడు టప్‌మని తెగి సీసం ఎటో పోతుంది

రాడ్‌కి సంబంధం లేదు, కానీ పొడుగు రాడ్ కొన్నాకనే ఇది మొదలైతది, ఎందుకంటే ఇప్పుడు బలంగా విసురుతున్నరు కాబట్టి. నవ్వే సంగతి కాదిది, 120 గ్రాముల సీసం తెగిపోయి ఎవడి తలకో తగిలితే మనిషి ఉండడు. సన్న లైన్ ముందు లావు దారం ఒకటి కట్టాలి, దాన్నే షాక్ లీడర్ అంటరు. లెక్క సింపుల్, సీసం ప్రతి 28 గ్రాములకి 10 పౌండ్ల చొప్పున, అంటే 112 గ్రాములైతే 40 పౌండ్లు. పొడవు ఎంతంటే సీసం వేలాడేటప్పుడు రాడ్ మొత్తం దాటి రీల్ మీద ఐదారు చుట్లు ఉండాలి. బ్రెయిడ్ (అల్లిన దారం) వాడేటోళ్లు చూపుడు వేలికి తొడుగు వేస్కోండి, లేకపోతే చర్మం లేచిపోతది. ఆదివారం జనం ఉన్న బీచ్‌లో విసరకండి, అంతే.

సమస్య: గంటకే భుజం పోతుంది

ఎర వేసి స్టాండ్‌లో పెట్టేటోళ్లకి రాదిది. లూర్ (నకిలీ ఎర) వేసి మాటిమాటికీ విసిరి లాగేటోళ్లకి వస్తది, పండుగప్ప కోసం పొద్దంతా 12 అడుగుల రాడ్ ఊపితే వస్తది మరి. లూర్‌కి 9, మహా అయితే 10 అడుగులు, 20-60 గ్రాములది తీస్కోండి. ఒకే రాడ్‌తో రెండు పనులూ చేద్దామనుకుంటే రెండూ సరిగ్గా కావు, నేను చేసి చూసిన.

సమస్య: చేప ఒడ్డు దాకా వచ్చి చేతికి రాదు

పొడుగు రాడ్‌కి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. కొస 12 అడుగుల దూరంలో ఉంటే చేప కూడా అక్కడే ఉంటది, రాడ్ వెనక్కి వంచి దారం అందుకుందామనుకుంటే కొస టక్కున విరుగుతది. రాడ్ ఎత్తడం ఆపి వెనక్కి నడవండి, అల వచ్చినప్పుడు దాంతో పాటు లాగండి, అల వెనక్కి పోయేటప్పుడు లాగకుండా ఊరికే పట్టుకోండి, తర్వాతి అల దాన్ని తడి ఇసుక మీద పడేస్తది. జెల్ల అయితే చేత్తో పట్టుకోవద్దు, వీపు మీదా పక్కలా ముళ్లుంటయ్, గుచ్చుకుంటే రోజంతా సలుపు. ప్లైయర్ తప్పనిసరి.

సమస్య: రాడ్ రైల్లో పట్టదు, జాయింట్ ఊడి రాదు

12 అడుగులది రెండు ముక్కలైతే ఒక్కో ముక్క ఆరడుగులు పైనే, బెర్త్ మీద పెడితే మనం పడుకోనికి లేదు, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఏటవాలుగా పెడితే గానీ పట్టలే. మనలాగా మూడొందల కిలోమీటర్లు పోయేటోళ్లకి మూడు ముక్కలదే నయం, ఒక్కోటి నాలుగడుగుల చిల్లర. టెలిస్కోప్ రాడ్ ఇంకా చిన్నగా మడతపడతది కానీ ఇసుక రేణువు లోపలికి పోతే గీతలు పడి బిగుసుకుంటది, బీచ్‌కి నాకైతే నచ్చలే.

జాయింట్ ఇరుక్కుంటే ఇద్దరు అటొకరు ఇటొకరు పట్టుకొని మెలి తిప్పొద్దు, అట్లనే పగిలేది. కొంచెం వంగి రాడ్‌ని మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టుకొని, రెండు చేతులూ జాయింట్‌కి అటూ ఇటూ మోకాళ్ల బయట పట్టుకొని, మోకాళ్లు మెల్లగా వెడల్పు చేస్తే సీదా ఊడొస్తది. ఇంటికి రాంగనే మంచి నీళ్లతో రాడ్ మొత్తం కడిగి, ఆరినాక జాయింట్‌కి కొవ్వొత్తి మైనం లైట్‌గా రుద్ది పెట్టండి, మళ్లీ ఇరుక్కోదు.