డెలివరీ రూట్ ప్లానింగ్‌కు చిరునామాల షీట్‌ను ఎలా సిద్ధం చేయాలి?

చిరునామా అర్థం కాకపోతే రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఆ మాట చెప్పి ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. చాలా సందర్భాల్లో అది ఆగదు. తనకు దగ్గరగా తోచిన చోట మ్యాప్ మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క మీదుగానే దారి గీసేస్తుంది. డ్రైవర్ తెలియని వీధిలో బండి ఆపి ఫోన్ చేసేదాకా తప్పు బయటపడదు. కాబట్టి జాబితాను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకముందే, షీట్‌లోనే సరిచేసుకోవాలి. ఇక్కడ హైదరాబాద్ చిరునామాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను. వార్డు, బ్లాకు, ఇల్లు అనే మూడింటి సంఖ్యలను హైఫన్లతో కలిపి రాసే అక్కడి ఇంటి నంబర్లే ఎక్సెల్‌లో అన్నిటికన్నా ఎక్కువగా పాడవుతుంటాయి.

పనిముట్లుగా ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ కాల్క్‌లలో ఏదైనా సరిపోతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా దాని కాపీ మీదే పని చేయండి.

దశ 1: కాలమ్‌లు విడగొట్టండి

పేరు, ఇంటి నంబరు, వీధి, ప్రాంతం, ఊరు, పిన్ కోడ్, ఫోన్, అక్షాంశం, రేఖాంశం, డ్రైవర్‌కు సూచన. ఇదే వరుసలో ఉంచండి. శీర్షికలు మొదటి వరుసలోనే ఉండాలి, సెల్స్‌ను కలపకూడదు, రంగులతో అర్థాలు చెప్పకూడదు. “గుడి ఎదురుగా”, “వాటర్ ట్యాంక్ వెనుక” వంటి గుర్తులన్నీ చివరి కాలమ్‌లోనే ఉండాలి. అవి డ్రైవర్‌కు ఎంతో ఉపయోగపడతాయి కానీ, చిరునామాలో కలిపేస్తే సాఫ్ట్‌వేర్ ఇంటిని వదిలేసి గుడిని వెతకడం మొదలుపెడుతుంది.

దశ 2: ఇంటి నంబర్లు తేదీలుగా మారకుండా చూడండి

ఎక్కువ జాబితాలు పాడయ్యేది ఇక్కడే కనుక ఈ దశను నిదానంగా చదవండి.

ఖాళీ సెల్‌లో 5-9-22 అని టైప్ చేసి ఎంటర్ నొక్కి చూడండి. కంప్యూటర్ భారతీయ సెట్టింగుల్లో ఉంటే ఎక్సెల్ దాన్ని 2022 సెప్టెంబరు 5గా మార్చి 05-09-2022 అని చూపిస్తుంది. అది చూసిన వెంటనే చాలామంది ఆ సెల్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చేస్తారు. అప్పుడు అక్కడ ఇంటి నంబరుకు బదులు 44809 అని కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీలను 1900వ సంవత్సరం మొదలు లెక్కించిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. అదే నంబరును అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్‌లో కొట్టి ఉంటే, మే 9గా భావించి 44690 అని దాచేది. సున్నాలు ఉన్నాయా, హైఫన్ ఉందా, స్లాష్ ఉందా అనే వివరం అప్పటికే పోయి ఉంటుంది. కాబట్టి ఒకసారి తేదీగా మారిన నంబరును ఊహించి తిరిగి రాయకండి, అసలు ఆర్డరు చూసి మళ్లీ కొట్టండి.

ఇందులోని అసలు ప్రమాదం ఏమిటంటే, నంబర్లన్నీ మారవు. 8-3-898 తేదీగా పనికిరాదు కనుక చెక్కుచెదరదు, 3-6-12/ఎ కూడా అలాగే నిలుస్తుంది. కానీ 1-8-65 మాత్రం 1965వ సంవత్సరంలోని ఒక తేదీ అయిపోతుంది. పై పది వరుసలు బాగున్నాయని తృప్తిపడి వదిలేస్తే, కింద ఎక్కడో నాలుగు ఇళ్లు చెడిపోయి ఉంటాయి.

నివారణ ఒక్కటే: ఒక్క అక్షరం కొట్టకముందే, దేన్నీ పేస్ట్ చేయకముందే ఇంటి నంబరు, పిన్ కోడ్, ఫోన్ కాలమ్‌లను మొత్తంగా ఎంచుకొని ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్‌గా పెట్టండి. ప్రతి నంబరు ముందు అపాస్ట్రఫీ పెట్టే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు. రెండు మూడు సెల్స్‌కు అది చాలు గానీ, ఇద్దరు ముగ్గురు కలిసి నింపే షీట్‌లో ఎవరో ఒకరు మరిచిపోవడం ఖాయం. కాలమ్ ఫార్మాట్ ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు. బయటినుంచి పేస్ట్ చేసేటప్పుడు పేస్ట్ స్పెషల్‌లో టెక్స్ట్ మాత్రమే ఎంచుకోండి, లేకపోతే పాత ఫార్మాట్ వచ్చి మీరు పెట్టినదాన్ని తుడిచేస్తుంది.

తనిఖీకి కంటితో చూసే పద్ధతి ఒకటుంది. అలైన్‌మెంట్ మార్చని కాలమ్‌లో టెక్స్ట్ ఎడమకు, సంఖ్యలూ తేదీలూ కుడికి ఒరుగుతాయి. ఇంటి నంబరు కాలమ్‌లో కుడి అంచుకు అతుక్కున్న సెల్ కనిపిస్తే అది చెడిపోయిందనే అర్థం. జాబితా పెద్దదైతే పక్క కాలమ్‌లో, సెల్‌లో ఉన్నది టెక్స్టా కాదా అని చెప్పే ఇజ్‌టెక్స్ట్ (ISTEXT) ఫార్ములా పెట్టి, ఫాల్స్ (కాదు) అని వచ్చిన వరుసలను ఫిల్టర్ చేయండి.

దశ 3: ప్రాంతం, పిన్ కోడ్

రోడ్ నంబర్ 10 బంజారాహిల్స్‌లోనూ ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. గాంధీనగర్ హైదరాబాద్‌లోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. ప్రాంతం, ఊరు, పిన్ కోడ్ మూడూ ప్రతి వరుసలో ఉండి తీరాలి. “పైన రాసినదే” అని ఖాళీగా వదలకూడదు. బంజారాహిల్స్ 500034, జూబ్లీహిల్స్ 500033 అయినప్పుడు ఒక్క అంకె తప్పితే చుక్క పొరుగు ప్రాంతానికి వెళ్లిపోతుంది. అలాగని పిన్ కోడ్ ఒక్కటే ఉంటే చాలదు. 1972లో ఉత్తరాల పంపిణీ కోసం ఏర్పడిన ఈ ఆరంకెల్లో చివరి మూడూ పోస్టాఫీసును చెబుతాయే తప్ప ఇంటిని చెప్పవు.

ప్రాంతాల పేర్లకు ఒకే వర్ణక్రమం పాటించండి. కూకట్‌పల్లిని ఆంగ్లాక్షరాల్లో ఒకరు ఒక రకంగా, మరొకరు ఇంకో రకంగా రాస్తే, ప్రాంతాల వారీగా ఫిల్టర్ చేసేటప్పుడు అవి రెండు ప్రాంతాలుగా చీలిపోతాయి.

దశ 4: అక్షాంశ రేఖాంశాలు

ఇవి దొరికిన చోట తప్పకుండా నింపండి. హైదరాబాద్‌కు అక్షాంశం 17 దగ్గర, రేఖాంశం 78 దగ్గర ఉంటాయి. ఈ రెండూ తారుమారైతే చుక్క ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. దశాంశ బిందువు తర్వాత ఐదు స్థానాలు ఉంచండి, అప్పుడు తేడా సుమారు ఒక మీటరుకు మించదు. రెండే స్థానాలు ఉంచితే కిలోమీటరు దాకా పోతుంది.

దశ 5: శుభ్రం చేయండి

ట్రిమ్ (TRIM) ఫార్ములాతో అదనపు ఖాళీలు తీసేయండి, ఒక విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే కౌంట్‌ఇఫ్ (COUNTIF) ఫార్ములాతో రెండుసార్లు వచ్చిన వరుసలను గుర్తించి తీసేయండి. సార్ట్ చేసేటప్పుడు షీట్ మొత్తాన్ని ఎంచుకోండి. ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే ఒకరి ఇంటి నంబరు మరొకరి పేరు పక్కన చేరుతుంది.

దశ 6: సేవ్ చేయండి

సాఫ్ట్‌వేర్ ఎక్సెల్ ఫైలునే తీసుకుంటే అదే ఇవ్వండి, ఎందుకంటే అందులో సెల్ రకం భద్రంగా ఉంటుంది. విలువలను కామాలతో విడదీసి రాసే సాదా టెక్స్ట్ ఫైలైన సీఎస్‌వీ (CSV) తప్పదంటే, అన్ని భాషల అక్షరాలనూ నిలబెట్టే యూటీఎఫ్-8 (UTF-8) రకాన్నే ఎంచుకోండి, లేకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. ఎక్సెల్ సీఎస్‌వీలోకి రాసేది తెరమీద కనిపించే రూపాన్నే కాబట్టి, అక్షాంశ రేఖాంశాల్లో రెండు దశాంశాలే కనిపించేలా పెట్టుకుంటే ఫైలులోకీ ఆ రెండే వెళ్తాయి. ఆ సీఎస్‌వీని తిరిగి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. తెరిచి సేవ్ చేశారంటే 5-9-22 మళ్లీ తేదీ అయిపోతుంది. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి.

దశ 7: మ్యాప్ మీద పరీక్షించండి

ముందు కొద్ది వరుసలే ఎక్కించండి. ఊరికి దూరంగా పడిన చుక్కలు వెంటనే కనిపిస్తాయి, వాటిని సరిచేయడం తేలిక. అంతకన్నా జాగ్రత్తగా వెతకవలసింది ఒకే బిందువు మీద పేరుకుపోయిన చుక్కలను. ఇల్లు దొరకని చిరునామాలను సాఫ్ట్‌వేర్ తరచు ప్రాంతం మధ్యలో పెట్టేస్తుంది కనుక అవి చూడడానికి సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాయి. అలాంటి వరుసలకు డ్రైవర్ ఆ ఇంటి ముందు నిలబడి పంపిన లొకేషన్‌ను అక్షాంశ రేఖాంశాల కాలమ్‌లలో నింపి, ఆ కాపీనే ఇకపై అసలు జాబితాగా వాడండి.