తొలితరం స్మార్ట్‌ఫోన్లలో బ్రౌజర్ ఎంత వీలుగా ఉండేదో పరీక్షించడం ఎలా?

2005-2010 మధ్య వచ్చిన స్మార్ట్‌ఫోన్లలో వెబ్ చూడటం పెద్ద ప్రయాస అని అందరూ ఒప్పుకుంటారు. నెట్ నెమ్మది కదా, అందుకే అని సరిపెట్టుకుంటారు. ఆ ఫోన్లలో ఒకదాన్ని ఇవాళ మంచి వైఫైకి కలిపి చూడండి. ప్రయాస చాలావరకు అలాగే ఉంటుంది. పేజీ రావడం ఆలస్యమైతే ఓపిక పడతాం. వచ్చిన పేజీలో మనం ఎక్కడున్నామో తెలియకపోతే మాత్రం ఫోన్ పక్కన పెట్టేస్తాం. ఆ రెండో ఇబ్బందిని పట్టుకుని కొలిచే పద్ధతి ఇది. యాప్‌లు, సైట్లు డిజైన్ చేసేవాళ్లు ఒక్కసారైనా చేసి చూడాల్సిన పని అని నా నమ్మకం.

1. ఫోన్ ఎంచుకోవడం

మోడల్ పేరుకన్నా, తెరమీద ఒక చోటును దేనితో చూపిస్తామన్నది ముఖ్యం. నోకియా ఎన్95 (2007)లో నాలుగు దిక్కులకూ నొక్కే మీటతో బాణం గుర్తును జరుపుతాం. విండోస్ మొబైల్ ఫోన్లలో చాలావాటికి స్టైలస్ (తెరను తాకే పుల్ల) ఉంటుంది. బ్లాక్‌బెర్రీ పెర్ల్ (2006)కి ట్రాక్‌బాల్, అంటే వేలితో దొర్లించే చిన్న బంతి. మొదటి ఐఫోన్ (2007)కి వేలు. వీటిలో రెండు వేర్వేరు రకాలు దొరికితే పోల్చడానికి బాగుంటుంది, ఒక్కటే ఉన్నా పని ఆగదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టకండి, మార్చాకే మొదలుపెట్టండి.

2. నెట్‌కి కలపడం

ముందు తేదీ సరిచేయండి. చాలాకాలం చార్జింగ్ లేకుండా పడి ఉన్న ఫోన్‌లో తేదీ వెనక్కి పోయి ఉంటుంది, దాంతో సురక్షిత సైట్లన్నీ తప్పుడువిగా కనిపిస్తాయి. వైఫై ఉన్న పాత ఫోన్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటాయి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 (వైఫైకి కొత్త తరం భద్రతా పద్ధతి) మాత్రమే పెట్టి ఉంటే కలవవు. గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి, దానికి పాత తరం డబ్ల్యూపీఏ2 పెట్టండి. ఈ ఫోన్లకు భద్రతా సవరణలు ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి, మీ మెయిల్‌తో గానీ బ్యాంకు ఖాతాతో గానీ వాటిలో లాగిన్ కావద్దు.

3. పేజీలు మీరే తయారుచేసుకోవడం

ఇప్పటి సైట్లు వీటిలో దాదాపుగా తెరుచుకోవు. సైట్‌తో రహస్యంగా మాట్లాడటానికి ఆ కాలపు ఫోన్లలో చాలావాటికి తెలిసిన పద్ధతి టీఎల్ఎస్ 1.0. దాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే సంస్థ ఐఈటీఎఫ్ 2021 మార్చిలో అధికారికంగా పక్కనపెట్టింది. సర్వర్లు అంతకుముందే దాన్ని వదిలేయడం మొదలుపెట్టాయి. ఒకవేళ తెరుచుకున్నా, ఇప్పటి బరువైన పేజీతో అప్పటి బ్రౌజర్‌ను తూచడం న్యాయం కాదు.

కంప్యూటర్‌లో రెండు పేజీలు రాసి, పైథాన్‌తో పాటే వచ్చే చిన్న వెబ్ సర్వర్‌తో ఇంటి నెట్‌వర్క్‌లోనే అందించండి. హెచ్‌టీటీపీ చాలు, ఎన్‌క్రిప్షన్ అక్కర్లేదు. మొదటి పేజీ ఆ రోజుల డెస్క్‌టాప్ సైట్‌లా 980 పిక్సెళ్ల వెడల్పుతో ఉండాలి: ఎడమన మెనూ, మధ్యలో వ్యాసం, కుడివైపు ఇతర లింకులు. రెండోది ఒకే వరుసలో సాగాలి. దీనికి కొలతలు 2008 జులైలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన మొబైల్ వెబ్ మార్గదర్శకాల్లో ఉన్నాయి. తెర కనీసం 120 పిక్సెళ్ల వెడల్పు ఉంటుందనుకుని, బొమ్మలతో కలిపి పేజీ మొత్తం 20 కిలోబైట్లు దాటకుండా చూడమని అవి చెబుతాయి. రెండు పేజీల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకే పాఠం పెట్టండి. లేకపోతే తేడా బ్రౌజర్‌దో పాఠానిదో తేలదు.

పాఠం ఫోన్‌కు తెలిసిన లిపిలో రాయండి. తెలుగు, తమిళం, బెంగాలీ వంటి లిపులు ఆ ఫోన్లలో చాలావాటిలో డబ్బాలుగా కనిపిస్తాయి. ఒపెరా మినీ అనే బ్రౌజర్‌లో దీనికి దారి ఉండేది. అడ్రస్ బార్‌లో ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి ఒక సెట్టింగ్ మారిస్తే, అక్షరాలు ఒపెరా సర్వర్‌లోనే బొమ్మలుగా మారి ఫోన్‌కు వచ్చేవి. చాలామంది తమ భాషను చేతిలోని ఫోన్‌లో మొదటిసారి చదవగలిగింది అలాగే, ఆ చిన్న ఉపాయానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. అయితే ఒపెరా మినీ పేజీని తన సర్వర్ ద్వారానే తెచ్చుకుంటుంది, మీ ఇంటి నెట్‌వర్క్‌లోని పేజీ దానికి అందదు. దాన్నీ పరీక్షించాలంటే పేజీలను బయటి హోస్టింగ్‌లో పెట్టాలి.

4. పనులు ఇవ్వడం

ఆ ఫోన్ ఎప్పుడూ వాడనివాళ్లను నలుగురైదుగురిని పిలవండి. మీటలు అలవాటయ్యేదాకా కాసేపు వదిలేసి, తర్వాత ఈ పనులు చెప్పండి: పేజీ అడుగున ఉన్న ఫోన్ నంబరు చదవాలి. వ్యాసంలో మూడో పేరా పూర్తిగా చదివి విషయం చెప్పాలి. పక్కపక్కనే ఉన్న మూడు లింకుల్లో నడిమిది తెరిచి, వెనక్కి వచ్చి, ఆపిన చోటు నుంచే చదవడం కొనసాగించాలి. వెతుకు పెట్టెలో ఒక మాట కొట్టాలి. మధ్యలో సాయం చేయకండి. చేయి జాపి చూపించాలనిపిస్తుంది, ఆపుకోండి.

5. గమనించడం

పని పూర్తయిందా, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు నొక్కారు, చివర్లో ఎలా ఉందన్నారు. వాడుక సౌలభ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9241-11 చెప్పే మూడు అంశాలూ (పని నెరవేరడం, దానికైన శ్రమ, వాడినవారి తృప్తి) వీటిలో వచ్చేస్తాయి. నేను వీటికి ఇంకొకటి కలుపుతాను. పని మధ్యలో ఆపి, తెరను చేత్తో మూసి, "ఇప్పుడు మీరు పేజీలో ఏ మూల ఉన్నారు?" అని అడగండి. జవాబు తడబడిన ప్రతిసారీ ఒక గీత గీసుకోండి.

ఒక్కో బ్రౌజర్ ఈ ప్రశ్నకు ఒక్కో రకంగా జవాబు వెతుక్కుంది. ఎన్95 బ్రౌజర్ పేజీ మొత్తాన్ని చిన్న పటంగా చూపించి, మీరున్న భాగానికి చట్రం గీస్తుంది. దారి తప్పకుండా కాపాడే ఆలోచన అది, కానీ చదవడానికి బాణాన్ని నెట్టుకుంటూ పోవాల్సిందే. విండోస్ మొబైల్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒకే వరుస పద్ధతి ఉంది. అడ్డంగా జరపడం తప్పుతుంది, అయితే మెనూ అంతా ముందొచ్చి వ్యాసం ఎక్కడో కిందికి పోతుంది.

ఐఫోన్ పేజీ వెడల్పు 980 పిక్సెళ్లనుకుని మొత్తాన్నీ 320 పిక్సెళ్ల తెరలో ఇముడుస్తుంది. పేజీలో ఒక వరుస మీద రెండుసార్లు తడితే అది తెర నిండుతుంది, మళ్లీ తడితే మొత్తం పేజీ కనిపిస్తుంది. అందరూ రెండు వేళ్ల జూమ్‌ను పొగిడారు గానీ, నా ఉద్దేశంలో గొప్పదనం ఈ తట్టడంలోనే ఉంది. దగ్గరికి వెళ్లిన దారే వెనక్కి రావడానికీ దారి. వీలైతే 2008 అక్టోబరులో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1తో పోల్చండి. దాని తెర కూడా 320×480 పిక్సెళ్లే. జూమ్ చేయడానికి మాత్రం తెరమీది బటన్లు నొక్కాలి. పిక్సెళ్లు సమానమైనా వాడుక ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

6. నెట్ తప్పును, ఫోన్ తప్పును వేరుచేయడం

అవే పనులు నెట్ వేగం తగ్గించి మరోసారి చేయించండి. ఎడ్జ్ నెట్‌వర్క్ (2జీ కాలపు మొబైల్ డేటా) ఆనాటి చాలా ఫోన్లకు లెక్క ప్రకారం ఇవ్వగలిగింది సెకనుకు దాదాపు 236 కిలోబిట్లు. రౌటర్‌లో అంతకన్నా తక్కువే పెట్టి, ప్రతి అభ్యర్థనకూ అర సెకను ఆలస్యం చేర్చండి. సమయాలు పెరుగుతాయి, అది సహజం. తడబాటు గీతలు కూడా అంతగా పెరిగాయా అన్నది చూడండి. ఇంటి నెట్‌వర్క్‌లో పూర్తి వేగంతోనూ వెనక్కి మీట నొక్కగానే పేజీ మళ్లీ మొదటినుంచి లోడవుతుంటే, అది మెమరీ చాలక వచ్చిన చిక్కు కావచ్చు. మొదటి ఐఫోన్‌లో ఉన్నదే 128 మెగాబైట్లు, రెండు మూడు పేజీలు తెరిస్తే పాతదాన్ని వదిలేస్తుంది.

7. ఫలితాలు చదవడం

వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2009లో ప్రకటించిన పరీక్షల్లో పనులు పూర్తయిన శాతం మామూలు ఫోన్లలో 38, మీటల స్మార్ట్‌ఫోన్లలో 55, టచ్ ఫోన్లలో 75. అయిదుగురితో చేసిన పరీక్షకు శాతాలు కట్టకండి, మీ ఫోన్ల వరుస కూడా ఇలాగే వచ్చిందో లేదో చూస్తే చాలు. విఫలమైన ప్రతి పనికీ ఏ పేజీలో, ఏ మీట దగ్గర, ఏం కనబడక ఆగిపోయారో ఒక్కో వాక్యం రాయండి. పేజీలనూ పనుల కాగితాన్నీ మార్చకుండా దాచుకుంటే, తర్వాత దొరికే ఫోన్‌ను కూడా వాటితోనే పరీక్షించవచ్చు.