ఇంట్లో గాలిని బాగుచేసుకోవడం ఎలా? ముందు వంటింట్లోకి వెళ్దాం

వంటింట్లో ఎండుమిర్చి పోపు పడగానే హాల్లో ఉన్నవాళ్లు దగ్గారంటే, స్టవ్ మీది గాలి అప్పటికే ఇల్లంతా తిరిగేసినట్టే. ఘాటు ముక్కుకు తెలుస్తుంది. దాంతోపాటు వచ్చే పీఎం 2.5 రేణువులు, అంటే 2.5 మైక్రాన్లు అంతకన్నా చిన్నవైన కంటికి కనిపించని ధూళి కణాలు, తెలియవు. ఇవి ఊపిరితిత్తుల లోలోపలికి దిగుతాయి, రక్తంలోకీ చేరగలవు. ఉబ్బసం ముదరడం దగ్గర్నుంచి గుండెజబ్బు, పక్షవాతం దాకా వీటి వల్ల ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు, 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు. బయటి గాలికి మన దేశం పెట్టుకున్న హద్దు 60.

1. మంట రంగు చూడండి

లైటు ఆపి స్టవ్ వెలిగించండి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగు మంట లేస్తున్నా, గిన్నె అడుగున మసి పడుతున్నా గ్యాస్ సరిగా కాలడం లేదు. చాలా ఇళ్లలో పొంగిన పాలో గంజో బర్నర్ కన్నాల్లో ఎండిపోయి ఉంటుంది. చల్లారాక బర్నర్ తీసి, వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పిన్నుతో కన్నాలు శుభ్రం చేసి, బాగా ఆరాక పెట్టండి. అయినా పసుపు పోకపోతే మెకానిక్‌ని పిలవాల్సిందే. నీలం మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనే హానికర వాయువు వస్తుంది కాబట్టి కింద చెప్పే రెండో పనీ తప్పదు.

గ్యాస్ ఉన్నా స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీద కాచే ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ పొయ్యిని కిటికీలకు దూరంగా, పెరట్లోకి మార్చండి.

2. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు పరీక్ష పెట్టండి

ఫ్యాన్ తిరుగుతోంది సరే, గాలిని లాగుతోందా? పల్చటి టిష్యూ ముక్కను పొడవాటి పుల్లకు అంటించి, రెక్కలకు తగలకుండా ఫ్యాన్ దగ్గర పట్టుకోండి. కాగితం అటువైపు వంగాలి. ఊరికే వేలాడుతుంటే బయటివైపు చూడండి, గాలికి తెరుచుకోవాల్సిన రేకులు జిడ్డుకు అతుక్కుపోయి ఉంటాయి. లేదా ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ మూసి ఉంటాయి. లోపలికి గాలి రాకుండా ఫ్యాన్ దేన్ని బయటికి తోస్తుంది? ఎదురుగా ఉన్న కిటికీ నాలుగు వేళ్ల మందం తెరిచి మళ్లీ పరీక్షించండి.

స్టవ్ వెలిగించే ముందే ఫ్యాన్ వేసి, వంటయ్యాక మరో పది, పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. చిమ్నీ కొనేవాళ్లు గొట్టం బయటికి వెళ్లేదే కొనండి. గొట్టం లేనిది జిడ్డు పట్టుకుని, వాయువులను మళ్లీ మీ మొహానే వదులుతుంది.

3. పొగ పెట్టే అలవాట్లు తగ్గించండి

ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. తలుపులు బిగించి, మంచం కింద కాయిల్ పెట్టి పడుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు. దోమతెర కట్టండి, కిటికీలకు మెష్ వేయించండి. దేవుడి దగ్గర గుత్తెడు అగరుబత్తులకు బదులు ఒక్కటి వెలిగించినా చాలు, కిటికీ మాత్రం తీసి ఉంచండి. పసిబిడ్డకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం పూర్తిగా మానేయాలి. అమ్మమ్మతో వాదన పెట్టుకోక తప్పని చోటు ఇదే.

4. గ్యాస్ గీజర్ బాత్‌రూంలో ఉంటే ఇవాళే మార్పించండి

మిగతా పనులు నెమ్మదిగా చేసుకోవచ్చు, ఇది ఆగకూడదు. గ్యాస్ గీజర్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పి ప్రాణాలు పోగొట్టుకునేది దీనివల్లే. గీజర్‌ను బాత్‌రూం బయట, గాలి ఆడేచోట పెట్టించండి. చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేసి, 108కి ఫోన్ చేయండి.

5. ఏసీ గదికి కాస్త సందు ఉంచండి

స్ప్లిట్ ఏసీ చాలావరకు గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 420 భాగాలు. ముగ్గురు పడుకున్న మూసిన గదిలో తెల్లారేసరికి అది వెయ్యి దాటడం మామూలే. పొద్దున లేవగానే తల బరువుగా ఉంటే దీన్నీ అనుమానించండి. తలుపు కొంచెం తెరిచి పడుకోండి, లేచాక కిటికీలు బార్లా తీయండి. రోడ్డు పక్క ఇల్లయితే అవతలి వైపువి తీయండి.

6. గోడ చెమ్మ

బూజు మీద రంగు వేయిస్తే నాలుగు నెలల్లో మళ్లీ పైకొస్తుంది. ముందు లీకు ఆపించండి.

7. ఎయిర్ ప్యూరిఫయర్ గురించి చివర్లో ఆలోచించండి

హెపా ఫిల్టర్ (సన్నటి రేణువులను కూడా పట్టే జల్లెడ) ఉన్నది, గది కొలతకు సరిపోయేది చూసుకోండి. రేణువులను పడుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. ఓజోన్ వదిలే అయొనైజర్ రకాలు వద్దు. మొక్కలతో గాలి శుభ్రమవుతుందన్న మాటకొస్తే, కిటికీ చేసే పని వాటితో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో పాత ప్రయోగాలన్నీ తిరగేసిన సమీక్ష ఒకటి తేల్చింది. ప్యూరిఫయర్ కొనేముందు మిషన్ ధరతో పాటు కొత్త ఫిల్టర్ ఎంతవుతుందో, ఎన్ని నెలలకు మార్చాలో కూడా షాపులో అడగండి.