ఈపిర్బ్ బీకన్ మొరాయిస్తే ఎక్కడ చూడాలి?

బోటు మునుగుతున్నప్పుడు 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపేది ఈపిర్బ్. మన సముద్రంలో ఆ కబురు బెంగళూరులోని ఇస్రో కేంద్రం మీదుగా కోస్ట్ గార్డుకు చేరుతుంది. ఇది పనిచేయకపోతే సర్క్యూట్‌ను అనుమానించే ముందు తాడునూ రిజిస్ట్రేషన్‌నూ చూడమంటాను.

సమస్య: బోటు మునిగింది, బీకన్ పైకి తేలలేదు.
బీకన్‌ను పట్టి ఉంచే హైడ్రోస్టాటిక్ రిలీజ్ నీటి ఒత్తిడికి, నాలుగు మీటర్ల లోతు లోపే తెగాలి. దాని గడువు బిగించినప్పటి నుంచి రెండేళ్లే. లేబుల్ మీద నెల, సంవత్సరం చూడండి. పెయింట్ పూసేసి కనబడకపోతే మార్చేయడమే మేలు. పైన వల, టార్పాలిన్ లాంటివి అడ్డం లేకుండా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, బీకన్‌కున్న సన్న తాడు. గాలికి కొట్టుకుపోతుందేమోనని దాన్ని రెయిలింగ్‌కి కడితే బోటుతో పాటే అడుక్కిపోతుంది. ఆ తాడు లైఫ్ రాఫ్ట్‌కి (ప్రాణాలు కాపాడుకునే తెప్పకి) కట్టుకోడానికి, అదీ రాఫ్ట్‌లోకి దిగాక.

సమస్య: బీకన్ ఆన్‌లోనే ఉంది, మనమున్న చోటు సరిగ్గా అందలేదు.
యాంటెనా పక్కకి వాలిపోయి ఉంటుంది, లేదా రాఫ్ట్ కప్పు కింద ఉంటుంది. జీపీఎస్ దొరక్కపోతే, ఉపగ్రహం కదిలేకొద్దీ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పును బట్టి వేసే డాప్లర్ లెక్కతో కొన్ని కిలోమీటర్ల తేడాలో మాత్రమే చోటు తెలుస్తుంది. రాఫ్ట్‌కి కట్టి నీళ్లలో నిటారుగా తేలనివ్వండి. బ్యాటరీ మిగుల్చుకుందామని మధ్యలో ఆపొద్దు. 48 గంటలు పనిచేసేలానే తయారుచేశారు.

సమస్య: సిగ్నల్ అందింది, బోటు ఎవరిదో తెలియలేదు.
సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీకన్ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంటుంది. వెంటనే మీ పేరుకి మార్పించుకోండి. కోస్ట్ గార్డు ముందు ఫోన్ చేసేది రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరుకే, కాబట్టి ఒడ్డున ఉండేవాళ్ల నంబరు ఇవ్వండి.

సమస్య: పాత బీకన్‌కు స్పందనే లేదు.
అది 121.5 మెగాహెర్ట్జ్ రకం కావచ్చు. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం లేదు. రిపేరుకి ఖర్చు పెట్టకండి, కొత్తది కొనండి.

సమస్య: డెక్ కడుగుతుంటే దానంతటదే మోగింది.
బ్రాకెట్‌లోంచి తీసి తడిపితే ఆన్ అవుతుంది. ఆపేసి, తుడిచి, బ్రాకెట్‌లో పెట్టి, కోస్ట్ గార్డు నంబరు 1554కు ఫోన్ చేసి పొరపాటని చెప్పండి. తిడతారేమోనని టెన్షన్‌తో ఊరుకుంటే ఈలోగా గాలింపు మొదలైపోవచ్చు.