బొగ్గు నుంచి హైడ్రోజన్: ముందు కార్బన్ డయాక్సైడ్‌కు చోటు చూడండి

చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్‌పూర్ గనుల చుట్టూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లల్లో, ఆవిరితో బొగ్గును గ్యాస్‌గా మార్చి హైడ్రోజన్ తీయడాన్ని ప్రాజెక్టుగా ఎంచుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. ప్రాజెక్టు నివేదికల్లో గ్యాసిఫయర్‌కు, అంటే బొగ్గును గ్యాస్‌గా మార్చే యంత్రానికి, ఇరవై పేజీలు, కార్బన్ డయాక్సైడ్‌కు చివర ఒక పేరా కేటాయించడం మామూలైపోయింది. ఆ వరుసను తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు బొగ్గును పరీక్షించండి. 212 మైక్రాన్ల జల్లెడ దాటిన పొడిని ఒక గ్రాము తూచి, చిన్న గిన్నెలో పలుచగా పరచి, మఫిల్ ఫర్నేస్ అనే ప్రయోగశాల కొలిమిలో వేడిని మెల్లగా పెంచుతూ 815 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, బరువు ఇక తగ్గదనే వరకు అక్కడే ఉంచాలి. నల్లని పొడి మాయమై గిన్నె అడుగున మెత్తని బూడిద మిగులుతుంది. అది 0.40 గ్రాములు తూగితే బొగ్గులో బూడిద 40 శాతమన్న మాట, మన దేశపు బొగ్గులో ఇది అరుదేమీ కాదు. ఇంత బూడిదను కరిగించి బయటికి తీసే ఎంట్రైన్డ్ ఫ్లో గ్యాసిఫయర్‌ను ఎంచుకుంటే, ఆ రాతిపొడిని కరిగించడానికే చాలా వేడి ఖర్చవుతుంది. అందుకే కింది నుంచి ఊదే గ్యాస్‌లో బొగ్గు రేణువులు తేలియాడుతూ, బూడిద కరగని ఉష్ణోగ్రతలో నడిచే ఫ్లూయిడైజ్డ్ బెడ్ మన బొగ్గుకు నప్పుతుంది. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ రోజుకు 1.2 టన్నుల బొగ్గు పట్టే ఇలాంటి గ్యాసిఫయర్‌తోనే, బూడిద ఎక్కువగా ఉన్న బొగ్గు నుంచి మెథనాల్ తీసి చూపింది.

ఇక లెక్క. టన్ను బొగ్గులో 400 కిలోల కార్బన్ ఉందనుకుంటే, అదంతా మారినప్పుడు దాదాపు 1,470 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కార్బన్ మొత్తం ఆవిరితోనే చర్య జరిపితే 133 కిలోల హైడ్రోజన్ రావాలి గానీ, ఆ చర్య వేడిని పీల్చుకుంటుంది కాబట్టి కొంత బొగ్గును ఆక్సిజన్‌తో కాల్చక తప్పదు, దాంతో చేతికొచ్చేది వంద కిలోలకు చాలా లోపే ఉంటుంది. అంటే టన్ను బొగ్గు వేసి, దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైన వాయువును, పైగా 400 కిలోల బూడిదను సర్దుకోవాలి. నివేదిక మొదటి పేజీలో ఉండాల్సిన అంకెలు ఇవే.

గ్యాసిఫయర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమంలోని దుమ్మును తీసి, మరికొంత ఆవిరి కలిపి షిఫ్ట్ రియాక్టర్‌లోకి పంపితే, మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారుతూ అదనపు హైడ్రోజన్ ఇస్తుంది. గంధకాన్ని ముందే తీయకపోతే కోబాల్ట్–మాలిబ్డినం ఉత్ప్రేరకం వాడండి, ఎందుకంటే రాగి ఉత్ప్రేరకాన్ని గంధకం చంపేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి, చిన్న ప్రయోగశాలలో అయినా అలారం లేకుండా గ్యాస్ లైను తెరవనే కూడదు.

షిఫ్ట్ తరువాత గ్యాస్ ఒత్తిడితోనూ, కార్బన్ డయాక్సైడ్ గాఢంగానూ ఉంటుంది గనుక, థర్మల్ కేంద్రపు పొగ నుంచి పట్టడం కంటే ఇక్కడ పట్టడం తేలిక. చల్లని మెథనాల్‌తో కడిగే రెక్టిసాల్ పద్ధతి దీనికి బాగా నలిగిన దారి. మిగిలిన గ్యాస్‌ను, ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ మలినాలను పట్టి వదిలే పీఎస్‌ఏ యూనిట్‌లో శుద్ధి చేస్తే 99.9 శాతానికి మించిన హైడ్రోజన్ వస్తుంది. ఆవిరి బాయిలర్, ఆక్సిజన్ ప్లాంటు వాడే కరెంటు వెనుక ఉన్న పొగను కూడా లెక్కలో చేర్చండి. దాన్ని వదిలేసి శుభ్రమైన హైడ్రోజన్ అనడం సరికాదు.

పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను 74 బార్ల ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి 70 రెట్లకు పైగా) దాటించి, 31 డిగ్రీలకు పైన ఉంచితే ద్రవంలా చిక్కబడుతుంది. దాన్ని భూమిలో దాచినప్పుడు ఆ స్థితి నిలవాలంటే సుమారు 800 మీటర్ల లోతు కావాలి. అమెరికాలోని నార్త్ డకోటాలో లిగ్నైట్‌ను గ్యాస్ చేసే కర్మాగారం 2000 నుంచి కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి పైపులో దీన్ని పంపుతోంది. మనకు దగ్గరలో అలాంటి చమురు బావులు లేవు గానీ, మహారాష్ట్రలో అధిక భాగాన్ని కప్పిన దక్కన్ బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) ఉంది. ఐస్‌లాండ్‌లో నీటిలో కరిగించి బసాల్ట్‌లోకి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారింది. అయితే అక్కడి రాయికి, నీటికి సరిపోయిన పద్ధతి మన రాయికీ సరిపోతుందని ఊహించుకోరాదు. బోరు వేసి, రాతి పొరల్లో ఖాళీలెన్ని ఉన్నాయో, తాగునీటి పొరకు ఎంత దూరమో కొలిపించండి. ఆ నివేదిక చేతికి వచ్చాకే గ్యాసిఫయర్‌కు ఆర్డరు పెట్టండి.