మెసేజ్ పాఠాలు – 3: పంపేముందు ఆ లేత అక్షరాలు చదవండి

పోయిన పాఠంలో ఆర్‌సీఎస్ (ఎస్సెమ్మెస్ బదులు నెట్ మీద మెసేజ్‌లు పంపే పద్ధతి) ఆన్ చేసుకున్నాం. ఆండ్రాయిడ్ వాళ్లకి గూగుల్ మెసేజెస్ సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ దగ్గర కనెక్టెడ్ అని కనిపించాలి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి, మీ నెట్‌వర్క్ వాళ్లు కూడా ఆ సౌకర్యం ఇచ్చి ఉండాలి. ఇంకా అవ్వకపోతే ముందు ఆ పని చూసుకుని రండి, మేమెక్కడికీ పోం.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. మెసేజ్ ఏ దారిలో పోతోందో పంపకముందే కనిపెట్టడం.

ఏదో ఒక చాట్ తెరవండి, ఏమీ టైప్ చెయ్యొద్దు. టైప్ చేసే చోట లేత రంగులో ఏముందో చదవండి. ఆర్‌సీఎస్ అని ఉంటే నెట్ మీద పోతుంది, ఫొటో మసకబారకుండా చేరుతుంది, అవతలివాళ్లు చదివారో లేదో కూడా తెలుస్తుంది (వాళ్లు ఆ సెట్టింగ్ ఆపుకోకపోతే). ఎస్సెమ్మెస్ అనో ఉత్త టెక్స్ట్ మెసేజ్ అనో ఉంటే పాత దారే. ఐఫోన్ వాళ్లు రంగుని నమ్ముకోవద్దు, రెండూ ఆకుపచ్చగానే ఉంటాయి.

పాత దారిలో పోతే ఏమవుతుందంటారా? తెలుగులో రాసేవాళ్లకి చాలానే అవుతుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు, తెలుగులో 70. ఆ 70 కూడా మనం చదివే అక్షరాలు కావు, గుణింతం గుర్తులూ పొల్లులూ అన్నీ విడివిడిగా లెక్కే. 'స్త్రీ' రాసి చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం... మొత్తం ఆరు! ఇంగ్లిష్ మెసేజ్ చివర ఒక్క ఎమోజీ పెట్టినా మెసేజ్ మొత్తం ఈ 70 లెక్కలోకి వచ్చేస్తుంది. ఆర్‌సీఎస్‌లో ఈ గోల లేదు.

ఈ ఆర్‌సీఎస్ నిన్న మొన్న పుట్టింది కాదు. 2007లో మొదలైంది, కానీ నెట్‌వర్కులు ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకుంటూ పోయారు. అందరికీ ఒకటే పద్ధతి, అదే యూనివర్సల్ ప్రొఫైల్, 2016లో గానీ రాలేదు, ఆపిల్ కదలడానికి 2024 సెప్టెంబర్ దాకా పట్టింది.

తాళం గుర్తు సంగతి. ఇద్దరూ గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ వాడుతుంటే తాళం వస్తుంది, అంటే మధ్యలో ఎవరూ చదవలేరు. వేర్వేరు రకాల ఫోన్ల మధ్య కూడా ఇది పనిచేసేలా 2025 మార్చిలో ప్రమాణం తెచ్చారు గానీ, ప్రమాణం రాగానే మీ ఫోన్‌లోకి వచ్చేసినట్టు కాదు. తాళం కనిపిస్తేనే ఉన్నట్టు. కనిపించకపోతే పాస్‌వర్డ్‌లూ గట్రా పంపకండి.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. కొత్త ఫోన్‌లో సిమ్ వేసుకుని, పాతదాంట్లో ఆర్‌సీఎస్ ఆపడం మర్చిపోయాను. రెండు రోజులు కొందరి మెసేజ్‌లు నాకు రానే లేదు, వాళ్లేమో నేను అలిగాననుకున్నారు. సిమ్ తీసేముందే ఆపెయ్యండి. పాత ఫోన్ చేతిలో లేకపోతే, నంబర్ ఇచ్చి ఆపుకోవడానికి గూగుల్ వాళ్ల పేజీ ఒకటుంది.

హోంవర్క్: మీరు ఎక్కువగా మాట్లాడే ఐదుగురి చాట్లు తెరిచి, ఎవరిది ఏ దారో, ఎక్కడ తాళం ఉందో రాసుకోండి. వచ్చే పాఠంలో గ్రూపులు. ఆ కాగితం అప్పుడు కావాలి.